నలుబదెనిమిది గంటల పోటీ

మా ఇంటి డాబా మీద నుంచి పెరటిలోని కొబ్బరిచెట్టు వరకు ఒక రాగి తీగ సాగి ఉంటుంది. వీధిలోనికి కొత్తగా కాపురము వచ్చినవారు దానిని చూచి, బట్టలు ఆరవేసుకొనే తీగను ఇంత ఎత్తున కట్టుకున్నారేమా అని ఆశ్చర్యపడతారు. అది రేడియో ఏరియల్ అని చెప్పినప్పుడు ఆ ఆశ్చర్యము జాలిగా మారుతుంది. పగలంతా రేడియో కేంద్రములో పనిచేసి వచ్చిన మనిషికి రాత్రి కూడా రేడియోయేనా అని వారి భావము. ఇక నవంబరు నెల చివరి శని, ఆదివారములలో ఎంత దగ్గర బంధువుల ఇంట పెండ్లి అయినా నేను రానని మా కుటుంబములో అందరికీ తెలుసు. కార్తీక మార్గశిరములు ముహూర్తములకు పెట్టినది పేరు కాబట్టి, ఈ నియమము వలన నేను పడిన మాటలు తక్కువేమీ కావు. ఆ రెండు దినములు నేను ఏమి చేస్తూ ఉంటానో, ఏటేటా అదే పని ఎందుకు చేస్తానో వివరించడము ఈ ప్రసంగము ఉద్దేశము.

మన ఇండ్లలో ఉండే రేడియోలో ఒకరు మాట్లాడుతారు, వేలమంది వింటారు. ఔత్సాహిక రేడియోలో ఏర్పాటు వేరు. ప్రభుత్వము పెట్టే పరీక్షలో నెగ్గి లైసెన్సు పుచ్చుకొన్న వ్యక్తి తన ఇంటిలో గ్రాహకయంత్రముతో పాటు చిన్న ప్రేషకయంత్రమును కూడా పెట్టుకొని, లోకములో ఎక్కడో ఉన్న తనవంటి మరొక వ్యక్తితో నేరుగా సంభాషిస్తాడు. వ్యాపార విషయములు మాట్లాడరాదు, ప్రతిఫలము పుచ్చుకొనరాదు. ఇటువంటి వారిని లోకమంతటా హాములు అంటారు. ప్రతి హామునకు ఒక కాల్ సైన్, అనగా అక్షరములు, అంకె కలిసిన పిలుపు గుర్తు ఉంటుంది. మన దేశపు హాముల గుర్తులు సాధారణముగా 'వీయూ' అను అక్షరములతో ఆరంభమవుతవి. వాయుపథములో మనిషికి అదే ఇంటిపేరు, అదే ఊరిపేరు.

మామూలు దినములలో ఇద్దరు హాములు కలిస్తే తమ ఏరియల్ గురించి, ఊరిలోని ఎండావానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి అరగంట ముచ్చటించుకుంటారు. పోటీ దినములలో ఆ తీరిక ఉండదు. నిర్ణీతమైన గంటలలో ఎంతమందితో, ఎన్ని దేశములవారితో సంపర్కము సాధించగలరన్నదే అక్కడ ప్రశ్న. ఇటువంటి పోటీలను ఏదో ఒక దేశపు సంఘము ఇంచుమించు వారము వారమూ జరుపుతూనే ఉంటుంది. వాటిలో మిక్కిలి పెద్దదిగా పేరుపడినది 'సీక్యూ వరల్డ్ వైడ్' పోటీ. అమెరికాలోని సీక్యూ అను పత్రిక పేరు మీదుగా అది 1948లో ఆరంభమైనది. నోటిమాటతో జరిగే భాగము అక్టోబరు చివరి పూర్తి వారాంతములోను, మోర్స్ సంకేతములతో జరిగే భాగము నవంబరు చివరి పూర్తి వారాంతములోను వస్తవి. గ్రీనిచ్ కాలమానము ప్రకారము శనివారము ఆరంభమైన క్షణము నుంచి ఆదివారము ముగిసే క్షణము వరకు 48 గంటలు. మన గడియారములో అది శనివారము తెల్లవారుజామున 5-30 గంటలకు మొదలై సోమవారము తెల్లవారుజామున 5-30 గంటలకు ముగుస్తుంది. ఐరోపావారు ఆదివారపు అర్ధరాత్రి యంత్రము కట్టి పడుకోవచ్చును. మనము స్నానము చేసి ఆఫీసుకు పోవలసి ఉంటుంది.

ఒక్క సంపర్కము ఎట్లా జరుగుతుందో చెబుతాను. నేను నా కాల్ సైన్ పంపుతాను. ఎక్కడి నుంచో ఒకరు తమ కాల్ సైన్ ఒక్కమారు పంపుతారు. నేను దానిని తిరిగి పంపి, వెంటనే '599, 22' అంటాను. వారు '599, 14' అంటారు. నేను వందనము చెబుతాను. అంతటితో సరి. చేయి తిరిగినవారికి ఇందుకు పట్టేది పది పదిహేను సెకండ్లు. ఈ అంకెలలో రెండవది ప్రపంచమును 40 భాగములుగా విభజించిన పటములో మన భాగము సంఖ్య. భారతదేశము, సింహళము, మాల్దీవులు 22వ భాగములో ఉన్నవి. 14 అంటే పశ్చిమ ఐరోపా, 25 అంటే జపాను వైపు. మొదటి అంకె ఎదుటివారి సంకేతము ఎంత స్పష్టముగా, ఎంత బలముగా, ఎంత నాదశుద్ధితో వినవచ్చుచున్నదో తెలిపే కొలత. స్పష్టతకు 5, బలమునకు 9, నాదమునకు 9 పరమావధులు. కాబట్టి 599 అంటే ఇంతకన్న బాగుగా వినబడడము అసాధ్యమని అర్థము.

ఇక్కడ ఒక చిన్న రహస్యము చెప్పవలసి ఉన్నది. పోటీలో ఇంచుమించు అందరూ అందరికీ 599 అనే పంపుతారు. హోరులో మునిగి, మూడుమార్లు అడిగితేగాని కాల్ సైన్ తెలియని వానికి కూడా 599 దక్కుతుంది. మోర్స్‌లో తొమ్మిది పంపుటకు నాలుగు గీతలు, ఒక చుక్క కావాలి గనుక, కాలము ఆదా చేయడానికి ఒక గీత, ఒక చుక్క గల 'ఎన్' అక్షరముతోనే సరిపెడతారు. అది అబద్ధమని చెప్పేవానికీ తెలుసు, వినేవానికీ తెలుసు. పెండ్లి విందులో "ఏమీ తినలేదు, మరికొంచెము వేయించుకోండి" అన్నటువంటి మర్యాద అది. ఈ 599 సంగతి పాఠకులు గుర్తు ఉంచుకోవాలని మనవి. దీనితో ముందు పని ఉన్నది.

మార్కులు వేసే పద్ధతి కూడా ఆసక్తికరమైనదే. ఇతర ఖండములోని హాముతో సంపర్కమునకు 3 మార్కులు, మన ఖండములోనే వేరొక దేశమైతే 1, స్వదేశమైతే సున్న. ఇట్లా వచ్చిన మొత్తమును, ఎన్ని దేశములు, ఎన్ని భూభాగములు తగిలినవో ఆ సంఖ్యతో హెచ్చిస్తారు. 300 మంది ఇతర ఖండములవారితో మాట్లాడితే 900 మార్కులు. దేశములు, భాగములు కలిసి 60 అయితే మొత్తము 54,000. ఈ స్థితిలో తగిలిన ఒక కొత్త దేశము ఒక్కటే 900 మార్కులు తెచ్చిపెడుతుంది. మామూలు సంపర్కములు అయిదు చేస్తేగాని అంత రాదు. అందువలన ప్రతి గంటకు ఒక ధర్మసంకటము ఎదురవుతుంది: తేలికగా దొరికే వారిని వరుసగా ఏరుకుంటూ పోవడమా, లేక ఎక్కడో సన్నగా పలుకుతున్న పసిఫిక్ ద్వీపము కొరకు అరగంట కాచుకొని ఉండడమా? ఉదయము వేళ జపానువారు గుంపులుగా వస్తారు, కాని వారు ఆసియావారు; తలకు ఒక్క మార్కు. మధ్యాహ్నము దాటి ఐరోపా తెరుచుకునే వరకు ఓపిక పట్టినవారికి మూడేసి. మన దేశము నుంచి పాల్గొనేవారు తక్కువ గనుక మన గుర్తు వినబడగానే పదిమంది ఒకేసారి మీద పడతారు. ఆ కలకలములో నుంచి ఒక్క గుర్తును తప్పు లేకుండా పట్టుకోవడములోనే ఉన్నది పనితనమంతా. ఒక్క అక్షరము పొరపడినా తరువాత లెక్క తేలుతుంది. ఈ కాలములో పాల్గొన్నవారందరి పట్టికలను కంప్యూటరు ఒకదానితో ఒకటి సరిచూస్తుంది. తప్పు సంపర్కమును కొట్టివేయడమే గాక, పైన కొన్ని మార్కులు కోత విధిస్తుంది.

ఇంత శ్రమకు బహుమానము ఏమిటని అడుగుతారు. ధనము లేదు. అగ్రస్థానమున నిలిచినవారికి ఒక ఫలకము, మరికొందరికి ప్రశంసాపత్రము. వేలాదిగా పాల్గొనేవారిలో ఆ స్థానము మీద ఆశ ఉన్నవారు బహు కొద్దిమంది. బలమైన యంత్రము, ఎత్తైన గోపురము, సముద్రపుటొడ్డున స్థలము ఉన్నవారితో కొబ్బరిచెట్టు తీగవాడు పోటీపడలేడు. ఈ వ్యత్యాసమును తొలగించడానికే 1990లో అమెరికాలోని సియాటిల్ నగరములో కొత్తరకపు పోటీ ఒకటి మొదలైనది. జట్లను ఒకే ప్రాంతమునకు పిలిపించి ఆడించే ఆ పోటీ నేడు కొన్నేండ్లకొకమారు ఒక్కొక్క దేశములో జరుగుతున్నది. అందరికీ ఒకే విధమైన ఏరియల్, ఒకే శక్తి ఇస్తారు. మిగిలిన మాబోటివారు పోటీపడేది ఎదుటివానితో కాదు, తమ నిరుటి లెక్కతోనే.

అసలు ఈ పోటీలు ఎట్లా పుట్టినవో కొంచెము చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందే ప్రభుత్వములు, వ్యాపార సంస్థలు పొడుగు తరంగములను తాము తీసుకొని, 200 మీటర్లకు తక్కువైన పొట్టి తరంగములను పనికిరానివని భావించి హాములకు విడిచిపెట్టినవి. వాటితో అట్లాంటిక్ సముద్రము దాటవచ్చునా అని అమెరికా హాముల సంఘము 1921 ఫిబ్రవరిలో ఒక పరీక్ష పెట్టినది. ఇంగ్లండులో ఎవరికీ ఏమీ వినబడలేదు. అదే సంవత్సరము డిసెంబరులో మరల పరీక్ష పెట్టి, ఈసారి పాల్ గాడ్లీ అను నిపుణుని ఓడ ఎక్కించి పంపారు. ఆయన స్కాట్లండు తీరమున ఆర్డ్రోసన్ వద్ద, చలిగాలిలో, వానలో, ఒక డేరా వేసుకొని, నేలకు కొద్ది ఎత్తున బారుగా తీగ లాగించి రాత్రుల తరబడి కూర్చున్నారు. అమెరికా హాముల సంకేతములు వినవచ్చినవి. మరుసటి సంవత్సరము పరీక్షలో ఐరోపాలో వినబడిన అమెరికా కాల్ సైన్లు మూడు వందలు దాటినవి. 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరము నుంచి లెయాన్ దెలోయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్ గార్లు సముద్రమునకు ఇరువైపుల నుంచి పరస్పరము మాట్లాడుకోగలిగారు. అప్పుడు వాడినది సుమారు 100 మీటర్ల తరంగము.

మొదటి పరీక్ష విఫలమైనప్పుడు వారు ఊరుకొని ఉంటే పొట్టి తరంగముల శక్తి లోకమునకు మరి కొన్నాళ్లు తెలియకపోయేది. ఆ పరీక్షలే క్రమముగా పోటీలైనవి. అంతర్జాతీయ పోటీ 1927లోను, అమెరికాలో 'స్వీప్‌స్టేక్స్' అను దేశీయమైన పోటీ 1930లోను ఆరంభమైనవి. ఈ స్వీప్‌స్టేక్స్‌లో నాకు మిక్కిలి నచ్చిన నియమము ఒకటి ఉన్నది. అందులో పాల్గొనేవారు ప్రతి సంపర్కములోను తాము మొదటిసారి లైసెన్సు పొందిన సంవత్సరము చివరి రెండు అంకెలు చెప్పాలి. 1958లో లైసెన్సు పొందినవారు ఆ ఏడాది నుంచి ఎన్నేళ్లు ఆడినా '58' అనే పంపుతారు. ఊరు మారవచ్చును, యంత్రము మారవచ్చును, ఆ అంకె మాత్రము మారదు. వినేవానికి ఆ రెండు అంకెలతో ఎదుట ఉన్నది కుర్రవాడో, ముదుసలియో తెలిసిపోతుంది.

నాకు మోర్స్ నేర్పినవారు మా స్వస్థలమైన కృష్ణాతీరపు పట్టణములో తంతి కార్యాలయమున పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. నేను మాస్టారూ అని పిలిచేవాడిని. కళాశాలలో చదువుకునే రోజులలో సాయంత్రము పూట ఆయన వరండాలో కూర్చొని అక్షరములు నేర్చుకున్నాను. చుక్కలు, గీతలు లెక్కపెట్టనిచ్చేవారు కారు. "లెక్క పెట్టకు నాయనా, పాట విను" అనేవారు. 2002 నవంబరులో ఆయన పక్కన కూర్చుండి మొదటిసారి ఈ పోటీ చూచాను. అప్పటికి సూర్యుని ఉద్ధృతి ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నము 28 మెగాహెర్ట్జ్ దగ్గర మీట తిప్పుతూ ఉంటే, సంతలో వలె అడుగడుగున ఒక గొంతు. పదేపది మీటర్ల పొడవైన తరంగము అంత చిన్న శక్తితో ఐరోపాకు పోయి రావడము నాకు ఇంద్రజాలమువలె తోచినది. ఇదే ఎల్లకాలము ఉంటుందని అనుకున్నాను.

2008లో అదే వారాంతమున, అదే వేళ, అదే చోట మీట తిప్పాను. గంటల తరబడి ఏరియల్ హోరు తప్ప మరేమీ లేదు. యంత్రము చెడినదనుకొని విప్పి చూచాను కూడా. మాస్టారు నవ్వి, "చెడినది యంత్రము కాదు, సూర్యుడు నిద్రపోతున్నాడు" అన్నారు.

దీనికి కారణము మన తలపైన 200 మొదలు 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనావరణము. సూర్యుని నుంచి వచ్చే తీవ్రమైన అతినీలలోహిత కిరణములు అక్కడి పలుచని గాలిని విద్యుదావేశము గల కణములుగా విడగొడతవి. ఆ పొర పొట్టి తరంగములను వంచి మరల భూమికి పంపుతుంది. సూర్యబింబముపై మచ్చలు హెచ్చుగా ఉన్న కాలములో ఈ కిరణములు బలముగా ఉండి, పొర చిక్కబడి, 28 మెగాహెర్ట్జ్ వంటి హెచ్చు పౌనఃపున్యములను కూడా వంచగలుగుతుంది. మచ్చలు లేని కాలములో అవి పొరను చీల్చుకొని ఆకాశములోనికి పోతవి. మచ్చల సంఖ్య సుమారు 11 సంవత్సరములకు ఒకమారు పెరిగి తగ్గుతుంది. 2008లోను 2009లోను సంవత్సరమునకు 250 రోజులకు పైగా సూర్యునిపై ఒక్క మచ్చయైనా కానరాలేదు. 2014లో ఒక మోస్తరుగా పెరిగి, 2019 డిసెంబరు నాటికి మరల అడుగంటి, 2024లో తిరిగి శిఖరమునకు చేరినది.

ఈ సంగతులు ఏ విజ్ఞానగ్రంథములోనైనా దొరుకుతవి. కాని నేను వాటిని మాస్టారు నోటుపుస్తకములలో చదివాను. ఆయన 1979 నుంచి 2020 వరకు, రెండేళ్లు తప్పించి, ప్రతి నవంబరులోను ఈ పోటీలో పాల్గొన్నారు. ఏటికొక పుస్తకము; మొత్తము నలుబది. మొదటి పుటలో ఎర్రసిరాతో నిరుటి లెక్క. దాని కింద ఖాళీ. పోటీ ముగిసిన సోమవారము ఉదయము ఆ ఖాళీలో ఈ ఏటి లెక్క నల్లసిరాతో. మొదట్లో ఆయన వద్ద ఉన్నది యుద్ధకాలపు మిగులు సామానుతో స్వయముగా కట్టుకొన్న వాల్వుల యంత్రము. తరువాత యంత్రము మారినది; తీగ, దాని ఎత్తు మాత్రము కావాలని మార్చలేదు. ఈ నలుబది అంకెలను ఒక గీతల కాగితము మీద చుక్కలుగా పెట్టి కలిపి చూస్తే, 1979, 1989, 2001 ప్రాంతములలో మూడు కొండలు, 1986, 1996, 2008 ప్రాంతములలో మూడు లోయలు కనబడతవి. నక్షత్రశాలలు గీసిన సూర్యచక్రపు పటము పక్కన పెట్టి చూచాను. రెండింటి నడక ఒక్కటే. ఒక్క పోటీ లెక్క వలన ఏమీ తెలియదు. అదృష్టము, ఆరోగ్యము, ఆ రెండు రోజుల ఎండావాన అందులో కలిసిపోతవి. ఒకే మనిషి, ఒకే చోట, ఒకే తీగతో, ఒకే వారాంతమున నలుబది మార్లు చేసినప్పుడు సూర్యుడు తన సంతకము తానే పెట్టాడు. 1988లో కొండ ఎక్కే దారిలో ఒక చుక్క మాత్రము లేదు. ఆ పుట మీద "అమ్మాయి వివాహము" అని ఉన్నది. పెండ్లిండ్ల విషయములో మాస్టారు నాకంటె ధర్మాత్ములు. రెండవ ఖాళీ కంటి ఆపరేషను.

ఇటువంటి పట్టికలు శాస్త్రజ్ఞులకు పనికివస్తవని ఈ మధ్య రుజువైనది. 2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు, నీడ కదులుతూ ఉండగా అయనావరణము ఎట్లా మారుతున్నదో తెలుసుకొనుటకు హాములు, పరిశోధకులు కలిసి పోటీవంటి ఒక కార్యక్రమమునే ఏర్పాటు చేశారు. ఎవరు, ఏ క్షణమున, ఎవరితో మాట్లాడగలిగారన్న పట్టికలే అక్కడ కొలతలైనవి. 2024 ఏప్రిల్ 8 గ్రహణమునకు కూడా అట్లే చేశారు.

ఇక అవసర సమయము మాట. మన తెలుగువారికి దగ్గరైన ఉదాహరణ ఒకటి ఉన్నది. అండమాను దీవుల నుంచి హాముల సంకేతములు వినబడి చాలా ఏండ్లైనందున, లోకములోని హాములందరూ ఆ దీవుల కొరకు ఎదురుచూస్తూ ఉండేవారు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పూనికతో, శ్రీమతి భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున ఒక బృందము 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ చేరి, రాత్రింబవళ్లు వేలాది సంపర్కములు జరుపుతున్నది. అది పోటీ కాకపోయినా పని అదే: కలకలములో ఒక్కొక్క గుర్తును తప్పు లేకుండా పట్టుకోవడము. డిసెంబరు 26 ఉదయము భూమి కంపించినది, సునామీ వచ్చినది. టెలిఫోనులు తెగిపోయినవి. ఆ బృందము తన సరదా కట్టిపెట్టి, అవే యంత్రములతో దీవుల మధ్యకును ప్రధాన భూభాగమునకును క్షేమసమాచారములు చేరవేసినది. దానికి ముందు మూడు వారములుగా వారి చెవులు చేసిన సాధన ఎంత అక్కరకు వచ్చి ఉంటుందో పోటీలలో కూర్చొన్నవారు ఊహించగలరు.

నా అనుభవములో ఇటువంటిది చిన్నదే. 2013 నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నమునకు దక్షిణమున తీరము దాటినది. మరునాటి ఉదయము 5-30 గంటలకు పోటీ. నేను అప్పటికి ఉద్యోగరీత్యా విజయవాడలో ఉన్నాను. మాస్టారి ఇంటికి టెలిఫోను కలియలేదు. మా ఊరిలో చెట్లు కూలినవని, విద్యుత్తు లేదని వార్త మాత్రము తెలుసు. మా కేంద్రము నుంచి ఆ వార్తలు చదువుతున్నది మేమే. శనివారము నాడు అన్యమనస్కముగానే పోటీలో కూర్చున్నాను. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున 80 మీటర్ల తరంగముపై, నేను ఎవరినో పిలిచి ముగించగానే, అడుగున ఎక్కడో సన్నని సంకేతము ఒకటి పలికినది. మోర్స్ పంపడములో కూడా మనిషికి మనిషికి చేతివ్రాత వలె తేడా ఉంటుంది. గుర్తు పూర్తి కాకముందే చేయి తెలిసినది.

నేను 599, 22 అని పంపాను. నిజమునకు అది 599లో సగము కూడా లేదు. ఆయన తిరిగి పంపినది 599 కాదు, 449, 22. మాస్టారికి ఆ మర్యాదపు అబద్ధము జన్మలో గిట్టదు. ఏ పోటీలోనైనా విన్నది విన్నట్లే పంపేవారు. ఎదుటివారు కంగారుపడి మరల అడిగినా సరే. ఆ రాత్రి ఆ మూడు అంకెలు నాకు ఒక ఉత్తరమువలె పనిచేసినవి. మామూలుగా ఆయనకు నా సంకేతము గట్టిగా వినబడవలసినది. 449 అంటే ఆయన ఏరియల్ పడిపోయినదన్నమాట. ఆయన సంకేతము అంత సన్నగా ఉన్నదంటే బ్యాటరీ మీద నడుస్తున్నదన్నమాట. గీతలు ఎప్పటివలె నిలకడగా ఉన్నవంటే చేయి వణకడము లేదన్నమాట. ఆయన క్షేమము. పోటీ నియమము ప్రకారము స్వదేశపు సంపర్కము గనుక దానికి వచ్చిన మార్కులు సున్న. వారము తరువాత వెళ్లి చూస్తే, కూలిన కొబ్బరిచెట్టు మొదలుకు, కిటికీ ఊచకు మధ్య, మనిషి ఎత్తున కట్టిన తీగ అట్లాగే ఉన్నది. ఆ ఏటి పుస్తకములో నల్లసిరా లెక్క నలుబదిటిలో అన్నిటికంటె చిన్నది. "తుపానుది కూడా ఒక లెక్కేగా నాయనా" అన్నారు.

ఈ పోటీల మీద ఫిర్యాదులు లేకపోలేదు. ఆ రెండు రోజులు తరంగములన్నీ కిక్కిరిసి, తీరికగా మాట్లాడుకునేవారికి చోటు ఉండదు. వారి కొరకు 10, 18, 24 మెగాహెర్ట్జ్ ప్రాంతములలో పోటీలు జరపరాదన్న కట్టుబాటు ఉన్నది గనుక కొంత మేలు. మోర్స్‌ను కంప్యూటరే విని వ్రాసిపెడుతున్న ఈ రోజులలో మనిషి చెవితో పని ఏమున్నదనేవారు ఉన్నారు. కలకలము మధ్య ఒక సన్నని గుర్తును పట్టుకోవడములో శిక్షణ పొందిన చెవి ఇంకా తీసిపోలేదని నా నమ్మకము. యంత్రము వాడుకునేవారితో నాకు తగవు లేదు.

2013 జులైలో మన దేశములో తంతి సేవ ముగిసినది. మాస్టారు మరి ఏడేండ్లు నవంబరులో ఆ భాష మాట్లాడుతూనే ఉన్నారు. హాములు తమలో గతించినవారిని 'మూగబోయిన కీ' అంటారు. 2021 నవంబరులో నేను శనివారము రాత్రి తొమ్మిది గంటలకు 80 మీటర్ల మీద కొంతసేపు ఎవరినీ పిలువకుండా కూర్చున్నాను. మరునాడు ఒక బల్గేరియా హాము, ఒక జపాను హాము పోటీ సమయము పాడు చేసుకొని, అంకెలు పంపిన తరువాత ఆయన కాల్ సైన్, పక్కన ప్రశ్నార్థకము పంపారు. ఒకరిని ఒకరు ఎన్నడూ చూడనివారు. ఏటికి పదిహేను సెకండ్ల పరిచయము. చెప్పవలసిన రెండు అక్షరములు నేను పంపాను. బల్గేరియా ఆయన ఒక నిమిషము ఏమీ పంపలేదు. పోటీలో నిమిషము అంటే నాలుగైదు సంపర్కములు.

పుస్తకములను ఆయన కుమారుడు నాకు ఇచ్చారు. నలుబది ఒకటవదానిని నేను నా లెక్కతో మొదలుపెట్టలేదు. నా తీగ వేరు, ఊరు వేరు, కలిపితే పటము చెడుతుంది. నా పుస్తకములు నావే.

ఈ పోటీ ఎట్లా ఉంటుందో వినగోరే పాఠకులకు ఒక మాట. షార్ట్ వేవ్ ఉన్న రేడియో ఉంటే, 41 మీటర్ల ప్రసారపట్టీకి ఆనుకొని 7 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు రాత్రిపూట, 14 మెగాహెర్ట్జ్‌కు కొంచెము పైన పగటిపూట మీట నెమ్మదిగా తిప్పి చూడవచ్చును. మామూలు రేడియోలో మోర్స్ ఈలవలె వినబడదు. హోరు ఆగి ఆగి వచ్చినట్లు తోస్తుంది. ఎస్‌.ఎస్‌.బి. అను మీట ఉన్న రేడియో అయితే ఈల స్పష్టముగా వస్తుంది. అక్టోబరు చివరి వారాంతములో నోటిమాట పోటీ గనుక ఆ మీట ఉంటే కాల్ సైన్లు చెవితోనే పోల్చుకోవచ్చును. కిటికీ నుంచి పదిగజముల తీగ బయటికి వ్రేలాడవేసి, ట్యూబులైట్లు ఆర్పివేస్తే మరింత మేలు. మొదటి గంట ఉదయము 5-30 మొదలు 6-30 వరకు. జపాను వారు ఆ వేళకే వచ్చి ఉంటారు.